చెరువంతా లోతు చేస్తే పిట్ట ఎక్కడ నిలబడాలి?

పోయిన నెల చలికాలపు చెరువుల మీద రాసిన వ్యాసం చివర, మీ ఊరి చెరువు గురించి, అక్కడికి వచ్చే పక్షుల గురించి ఏదైనా అడగండి అన్నాం. ఉత్తరాలు బాగా వచ్చాయి. పిట్టల పేర్లు అడిగినవాళ్ల కంటే చెరువును ఎలా చూసుకోవాలి అని అడిగినవాళ్లే ఎక్కువగా ఉన్నారు, అది నాకు చాలా సంతోషం. ఒకే రకం ప్రశ్నలు కొన్నిటిని కలిపి జవాబు రాస్తున్నాను.

మా ఊరి చెరువుకు కొన్నేండ్ల కింద పూడిక తీసిండ్రు, కట్టకు రాళ్లు పరిచిండ్రు. ఇప్పుడు ఎండాకాలంలో కూడా నీళ్లు ఉంటున్నయి. కానీ మా చిన్నతనంలో వచ్చిన ఉల్లంకులు, బాతులు కనబడుతలేవు సార్. నీళ్లు పెరిగితే పిట్టలు కూడా పెరగాలె కదా?
— ఒక రైతు, సిద్దిపేట జిల్లా

నీళ్లుంటే చాలు, పక్షులు వాటంతట అవే వస్తాయని చాలామంది అనుకుంటారండీ. కానీ చెరువు మీద ఆధారపడే పక్షుల్లో చాలా రకాలు ఈదవు, నిలబడి తింటాయి. ఉల్లంకి పిట్టకు తడి బురద కావాలి, ఆ బురద మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లుంటే దానికి అదే ఎక్కువ. ఎర్రకాళ్ల కొంగ జానెడు లోతులో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి, కాలితో అడుగును కెలుకుతూ చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది, మోకాలు దాటిన నీళ్లలో దానికి ఆ పని కుదరదు. సూదితోక బాతు ఈదుతుంది కానీ మునగదు. తల కిందికి, తోక పైకి పెట్టి అడుగున ఉన్న గింజలు, దుంపలు అందుకుంటుంది, కాబట్టి దానికి అడుగు, అడుగుంబావు లోతు దాటితే తిండి అందదు. నిండా లోతున్న నీళ్లు కావలసింది నీటికాకులకూ, గూడబాతులకూ (పెలికన్లు), బుడుంగున మునిగే మునుగుడు కోళ్లకూ.

ఇప్పుడు మీ చెరువు గుర్తు చేసుకోండి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక వేల చెరువుల్లో పూడిక తీశారు, ఒండ్రు పొలాలకు చేరింది, నీళ్లు నిలిచాయి, బావుల్లో ఊట పెరిగింది, ఆ మేలును నేను ఒక్క మాట తక్కువ చేయను. అయితే జేసీబీ దిగిన చాలాచోట్ల చెరువును నిలువు అంచులతో పెట్టెలా తవ్వేశారు. పాత చెరువు కట్ట దగ్గర లోతుగా ఉండి, ఎగువకు పోయేకొద్దీ పల్చబడి, శిఖం భూముల (చెరువు నిండితే మునిగే అంచు భూములు) దగ్గర గడ్డిలో కలిసిపోయేది. ఆ పల్చని ఎగువ భాగమే పక్షుల వంటిల్లు. అది తవ్వేశాక నీళ్లు ఎక్కువైనా నిలబడే చోటు లేదు.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. పాత రోజుల్లో తూము తీసి యాసంగికి నీళ్లు వదులుతుంటే డిసెంబరు నుంచి మార్చి దాకా చెరువు వారం వారం కొన్ని అడుగులు వెనక్కి జరిగేది. జరిగిన ప్రతిసారీ కొత్త బురద బయటపడేది, అందులో పురుగులు, నత్తలు, మిగిలిపోయిన చిన్న చేపలు. సరిగ్గా వలస పక్షులు ఇక్కడ ఉండే నెలలే అవి. ఇప్పుడు ఎత్తిపోతల నీళ్లతో ఏడాది పొడుగునా అంచుదాకా నిండి ఉండే చెరువులో ఆ బురద బయటపడదు. చెరువు నిండుగా ఉంటే రైతుకు ధైర్యం, ఆ విషయం నాకూ తెలుసు, ఎండబెట్టమని చెప్పడం లేదు. కానీ ఈసారి పూడిక పని వచ్చినప్పుడు మూడు విషయాలు అడగండి. ఒకటి, మట్టి కట్ట వైపు నుంచే తీయాలి, ఎగువ శిఖం వైపు కనీసం మూడో వంతు ముట్టుకోకూడదు. రెండు, అంచు నిలువుగా కాకుండా మనిషి, పశువు హాయిగా నడిచి దిగేంత వాలుగా ఉండాలి (పశువులు జారిపడి మునగకుండా ఉండటానికి కూడా ఇదే మంచిది). మూడు, పొలాలకు పనికిరాని గట్టి మట్టిని బయటికి మోయకుండా చెరువు మధ్యలో రెండు మూడు దిబ్బలుగా పోయించండి. చుట్టూ నీళ్లుంటే కుక్కలు, పిల్లులు రావు, కాబట్టి రాత్రి నిద్రకు, గూటికి పక్షులు అలాంటి దిబ్బల్నే వెతుక్కుంటాయి. రాళ్ల పరుపు కట్టకు అవసరం, ఉండనివ్వండి. చెరువు చుట్టూతా రాళ్లు, వాకింగ్ ట్రాక్, దాని మీద రాత్రంతా వెలిగే లైట్లు మాత్రం వద్దని గ్రామసభలో గట్టిగా చెప్పండి.

మా ఊరి చెరువు మొత్తం గుర్రపుడెక్కతో నిండిపోయింది. యూత్ వాళ్లు మందు కొట్టిద్దామంటున్నారు, రెండు రోజుల్లో మాడిపోతుందట. కొట్టించొచ్చా సార్? పీకితే మళ్లీ నెలకే వచ్చేస్తోంది, విసుగొచ్చింది.
— ఒక గృహిణి, తెనాలి దగ్గర

మందు వద్దమ్మా. కలుపు మందు కొడితే మాడేది నిజమే, కానీ మాడినదంతా ఎక్కడికి పోతుంది? అదే నీళ్లలో మునిగి కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, తెల్లవారేసరికి చేపలు తేలిపోతాయి. పైగా ఆ నీళ్లే మీ గేదెలు తాగాలి.

గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. ఊదారంగు పూలు అందంగా ఉన్నాయని మనుషులే దేశదేశాలకు మోశారు. దానికి వేడి, ఎరువు దొరికితే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. పిలకల నుంచి వస్తుంది, గింజల నుంచీ వస్తుంది, ఆ గింజ బురదలో పదిహేను ఇరవై ఏళ్లు ప్రాణంతో పడి ఉండగలదు. అందుకే ఒకసారి పీకేసి ఫొటోలు దిగి వెళ్లిపోతే నెలకే మళ్లీ కనిపిస్తుంది. మీ యూత్ వాళ్ల కష్టం వృథా కాకూడదంటే వరస మార్చాలి.

ముందు చూడాల్సింది మురుగు కాలువ. ఊళ్లో మురుగు చెరువులోకి వస్తున్నంతకాలం గుర్రపుడెక్కకు మీరే రోజూ ఎరువు వేస్తున్నట్టు. పంచాయతీ పూర్తిగా కాలువ మళ్లించలేకపోతే, చెరువులో కలిసే ముందు ఒక గుంత తవ్వించి, అందులో జమ్ము, కలువ వేయించి, మురుగు అక్కడ నాలుగు రోజులు ఆగి వచ్చేలా చేయమనండి. పెద్ద ఖర్చు కాదు. ఆ తర్వాత పీకుడు. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు, పూత రాకముందు మొదలుపెట్టాలి. వెదురు బొంగులు మోకుతో కట్టి తేలే కంచెలా వేసి, చెరువును ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనూ పూర్తిగా శుభ్రం చేస్తూ పోవాలి, లేకపోతే గాలికి పక్క ముక్కలోది కొట్టుకొచ్చి మళ్లీ నిండుతుంది. తీసినదాన్ని గట్టు మీదే వదిలేయొద్దు, మొదటి వానకు మళ్లీ లోపలికే జారుతుంది. దాని బరువంతా దాదాపు నీరే, నాలుగు రోజులు ఎండితే తేలికైపోతుంది, అప్పుడు దూరంగా తీసుకెళ్లి పేడతో కలిపి కంపోస్టు చేసుకోవచ్చు. నీళ్లలో దిగేవాళ్లు కాళ్లకు బూట్లు, చేతులకు గ్లౌజులు వేసుకోవాలి, ఆ వేళ్లలో పాములు చుట్టుకుని ఉంటాయి. తర్వాత ఏడాది పొడుగునా నెలకోసారి ఇద్దరు మనుషులు తెప్ప మీద తిరిగి కొత్త పిలకలు ఏరాలి. చెరువును నిలబెట్టేది ఈ నెలనెలా ఏరుడే. దీనికి పంచాయతీలో కొంచెం కూలి డబ్బు కేటాయించమని అడగండి.

గుర్రపుడెక్కను తినే చిన్న ముక్కుపురుగులు కొన్నిటిని 1980ల్లో మన దేశానికి తెచ్చి వదిలారు. అవి పనిచేస్తాయి, కానీ నెమ్మదిగా, అదీ ఏడాదంతా నీళ్లుండే చోట. వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఒక్క జాగ్రత్త. శుభ్రం చేస్తున్నాం కదా అని జమ్ము, తుంగ, కలువ, తామర అన్నీ కలిపి గీకేయకండి. అది చాలాచోట్ల జరుగుతోంది, నాకు చాలా బాధగా ఉంటుంది. నీలి బొల్లికోడి జమ్ములోనే గూడు కడుతుంది. కలువాకుల మీద నడిచే పొడుగు వేళ్ల జకానా అనే పిట్ట ఆ ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. గట్టు పొడవునా అక్కడక్కడా జమ్ము గుబుర్లు ఉంచండి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే అవి పిల్లల్ని పెంచే కాలంలో, వాటి జోలికి వెళ్లకండి.

పేపర్లలో, టీవీల్లో ఎప్పుడూ "సైబీరియా పక్షులు వచ్చాయి" అంటారు. మా తేలినీలాపురం పక్షులు నిజంగా సైబీరియా నుంచే వస్తాయా సార్?
— డిగ్రీ విద్యార్థిని, టెక్కలి

లేదమ్మా. మీ ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి ముఖ్యంగా రెండు రకాలు, గూడబాతు అనే పెలికన్, ఎర్రకాళ్ల కొంగ. ఈ రకం పెలికన్ దక్షిణాసియా, ఆగ్నేయాసియాలోనే పుట్టి పెరుగుతుంది, సైబీరియా ముఖం ఎప్పుడూ చూడదు. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి మన దేశంలోనే తిరుగుతూ, సెప్టెంబరు, అక్టోబరుకల్లా గూళ్లు కట్టే చోటికి చేరతాయి, పిల్లలు ఎగరగానే వేసవి ముదిరేలోపు వెళ్లిపోతాయి.

ఇవి మన పక్షులు అనడానికి పాత ఆధారాలే ఉన్నాయి. కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త 1946లో కొల్లేరు ప్రాంతంలో పెలికన్ల పెద్ద స్థావరాన్ని చూసి రాశారు, అప్పుడు అక్కడ దాదాపు 3,000 పెలికన్లు గూళ్లు కట్టేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం పూర్తిగా ఖాళీ అయిపోయింది. అంటే సొంత ఊళ్లోనే ఇల్లు పోగొట్టుకున్న పక్షులవి. ఎక్కడి నుంచో వచ్చిన చుట్టం అనుకుంటే ఈ ఏడు రాకపోయినా వచ్చే ఏడు వస్తుందిలే అని ఊరుకుంటాం. వాటికి గూడు కట్టుకోవడానికి ఉన్నది మన చెట్లు, మన చెరువులు మాత్రమే అని తెలిస్తే అలా ఊరుకోం. కాబట్టి మీ కాలేజీలో ఎవరైనా సైబీరియా అంటే వెంటనే సరిచేయండి.

నిజంగా ఉత్తరాది నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతు, పరజలు, చాలా రకాల ఉల్లంకులు మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి వస్తాయి. తల మీద రెండు నల్ల చారలుండే పెద్ద బాతు (బార్ హెడెడ్ గూస్) మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ఇవేవీ ఇక్కడ గూళ్లు కట్టవు, చలికాలం మేతకు వచ్చి మార్చి, ఏప్రిల్‌కల్లా తిరిగి వెళ్తాయి. చలికాలంలో మీ ఊళ్లో చెట్టు మీద గూటిలో పిల్లతో కనిపించిన నీటి పక్షి ఏదైనా అది మనదే అనుకోవచ్చు.

చేపల చెరువు మాది, కైకలూరు పక్కన, సొంత భూమి. నీటికాకులు గుంపుగా దిగితే పిల్ల మొత్తం ఊడ్చేస్తున్నాయి. పైన వల కడితే పక్షులు చిక్కుకుని చచ్చిపోతున్నాయి, చూడలేకపోతున్నాం. పక్షుల్ని కాపాడండి అని రాస్తారు గానీ మా నష్టం ఎవరు చూస్తారండీ?
— ఒక చేపల రైతు

మీ కోపం న్యాయమైనదే అండీ. పక్షుల మీద రాసేవాళ్లు మీ లెక్క వినకుండా రాస్తే ఆ రాతకు విలువ ఉండదు. నీటికాకి గుంపు నర్సరీ చెరువు (చేపపిల్లను పెంచే చిన్న చెరువు) మీద పడితే ఒక్క ఉదయంలో ఎంత పోతుందో మీకే తెలుసు.

అయితే ఈ పరిస్థితి ఎలా వచ్చిందో కూడా చూడాలి. కొల్లేరు ఒకప్పుడు బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లతో పరుచుకుని, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే మంచినీటి సరస్సు. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో (ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా) చేరింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు పెద్ద ఎత్తున కొట్టేశారు, తర్వాత మళ్లీ గట్లు లేచాయి. పక్షి మేసే సహజమైన నీళ్లు గట్ల మధ్య ముక్కలైపోయాక అది చేప కోసం మీ చెరువుకు కాక ఎక్కడికి వెళ్తుంది? సరస్సు లోపల నీళ్లు సరిగ్గా పారితే, అక్కడ చిన్న చేప ఉంటే, బయట ఉన్న మీలాంటి సొంత భూమి రైతుల మీద ఒత్తిడి తగ్గుతుంది. కాబట్టి కొల్లేరు బాగుపడాలని అడగాల్సినవాళ్లలో మీరు మొదట ఉండాలి.

ఇప్పటికిప్పుడు చేయగలిగింది చెబుతాను. సన్నటి నైలాన్ వల వదులుగా కట్టడం మానేయండి, పక్షులకు అది కనిపించదు, అందుకే చిక్కుకుంటాయి. లావు దారంతో నేసిన వలను బిగుతుగా లాగి నర్సరీ చెరువు వరకే కట్టండి, అది చిన్నదే కాబట్టి ఖర్చు అందుబాటులో ఉంటుంది. పెద్ద చెరువు మీద వల బదులు అడ్డంగా తాళ్లు లాగి మెరిసే రిబ్బన్లు కట్టండి. నీటికాకి నీళ్ల మీద నుంచి ఎగరాలంటే చాలా దూరం పరుగెత్తాలి, అడ్డంగా తాళ్లుంటే దిగడానికి జంకుతుంది. రిబ్బన్ల చోటు పదిరోజులకోసారి మార్చకపోతే మాత్రం వాటికి అలవాటైపోతుంది. శీలావతి, బొచ్చె పిల్లను చిన్న సైజులో కాకుండా కొంచెం ముదిరాక పెద్ద చెరువులోకి వదిలితే నష్టం బాగా తగ్గుతుంది. కాపలా ఎక్కువ కావాల్సింది తెల్లవారుజామున, పొద్దుగూకే ముందు. నాటు తుపాకీ, విషం పెట్టిన చేప జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది జైలుకు వెళ్లే నేరం, పైగా విషం తిన్న చేప ఎవరి ఇంటి గేదెలు తాగే నీళ్లలో తేలుతుందో చెప్పలేం. చచ్చే పక్షిని చూడలేకపోతున్నాం అని రాశారు, ఆ మాటకు మీకు దండం పెడుతున్నాను.

చెరువులో ఉన్న సర్కారు తుమ్మ మొత్తం కొట్టేసి మంచి మొక్కలు నాటాలని పంచాయతీ తీర్మానం చేసింది. పక్షులకు మంచిదేనా?
— ఒక వార్డు సభ్యుడు, గుంటూరు జిల్లా

ఉద్దేశం మంచిదే, కానీ ఒకేసారి మొత్తం కొట్టొద్దు. సర్కారు తుమ్మ బయటి దేశం చెట్టు, చెరువు గర్భాన్ని ఆక్రమించేస్తుంది, దాన్ని తగ్గించాల్సిందే. అయితే మీకు దగ్గర్లో ఉన్న ఉప్పలపాడు వెళ్లి చూడండి. ఊరి చెరువు మధ్య దిబ్బల మీద ఉన్న ఆ తుమ్మచెట్ల పైనే గూడబాతులు, కంకణాలు (వంపు ముక్కు ఐబిస్ పక్షులు), కొంగలు కిక్కిరిసి గూళ్లు కట్టుకుంటాయి. వేరే చెట్టు లేనప్పుడు అదే వాటికి ఇల్లు.

ముందు నాటండి, అవి పెరిగాక కొట్టండి. నీళ్లలో నిలబడగలిగే మన చెట్లు రెండు ఉన్నాయి, నల్లతుమ్మ, నీటి కడప. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో పెలికన్లు గూళ్లు కట్టేది ఈ కడప చెట్ల మీదే, మొదలు నెలల తరబడి మునిగి ఉన్నా అవి చావవు. నాటినవి కొమ్మలు వేసి బలపడ్డాక, గూళ్లు ఖాళీ అయిన మే నెలలో, గూళ్లు లేని చెట్లతో మొదలుపెట్టి ఏడాదికి కొన్ని చొప్పున సర్కారు తుమ్మ తీసేయండి. కొట్టిన మోడును వేరుతో సహా పెకలించకపోతే మళ్లీ పది కొమ్మలతో లేస్తుంది. ఇంకో సంగతి, గూళ్లు ఎక్కువైతే రెట్ట పడి చెట్లే చచ్చిపోతాయి. కొల్లేరు దగ్గరి ఆటపాకలో అలా చెట్లు పోవడంతోనే ఇనుప స్టాండ్లు పెట్టారు, పెలికన్లు వాటి మీద కూడా పిల్లల్ని పెంచుతున్నాయి. మీ చెరువుకు అది ఇప్పుడే అవసరం లేదు, చెట్లు ఎక్కువగా ఉంటే చాలు.

కొత్త కెమెరా కొన్నాను. గూట్లో పిల్లకు తల్లి తినిపించే క్లోజప్ కావాలి. డ్రోన్ వాడితే పక్షులు భయపడతాయా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

భయపడతాయి, డ్రోన్ తీసుకెళ్లకండి. తల్లి పక్షి భయపడి గూటి మీద నుంచి లేస్తే ఏమవుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామందికి ఇది తెలియక చేస్తారు. కొత్తగా పుట్టిన పెలికన్ పిల్లకు ఒంటి మీద ఈకలే ఉండవు. మన ఎండలో తల్లి నీడ లేకుండా కాసేపు పడి ఉన్నా అది బతకదు. కాకులు, గద్దలు పక్కనే కాచుకుని ఉంటాయి, తల్లి లేచిన నిమిషంలోనే గుడ్డు ఎత్తుకుపోతాయి. పెద్ద పిల్లలు గాభరాలో గూట్లోంచి కిందపడితే తల్లి దిగి వచ్చి తిండి పెట్టదు. మీకు వచ్చేది ఒక ఫొటో, ఆ గూటికి ఆ ఏడాది కష్టమంతా పోతుంది.

ఆటపాక, నేలపట్టు రెండింట్లోనూ వాచ్ టవర్లు ఉన్నాయి, అక్కడి నుంచి తీయండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా పొద్దున్నే వెళ్లండి. పక్షి తింటున్నది ఆపి మీ వైపు తల తిప్పి అలాగే చూస్తోందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు, మెల్లగా వెనక్కి రండి. ఫోన్లో కూత వినిపించి పక్షిని పిలవడం కూడా గూళ్ల కాలంలో చేయొద్దు. గూళ్ల ఫొటోలు పెట్టేటప్పుడు సరిగ్గా ఏ చెట్టో, ఏ వైపో రాయకపోతే ఇంకా మంచిది.

అంకుల్, నేను ఎనిమిదో తరగతి. మా దగ్గర బైనాక్యులర్ లేదు. పక్షుల లెక్కల్లో నేను కూడా చేరొచ్చా?
— నెల్లూరు జిల్లా నుంచి

చేరొచ్చు నాన్నా, తప్పకుండా. నోట్‌బుక్కు, పెన్సిలు చాలు. రోజూ ఒకే టైముకు ఒకే చోట పావుగంట నిలబడి, ఏ పిట్టలు, ఎన్ని, ఏం చేస్తున్నాయి అని రాయి. పేరు తెలియకపోతే బొమ్మ గీసి, ముక్కు రంగు, కాళ్ల రంగు రాసుకో. మీ తాతగారినో, చేపలు పట్టే మామయ్యనో అడుగు, పిట్టల పేర్లు వాళ్లకు తెలిసినన్ని పుస్తకాల్లో ఉండవు. ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా ఈబర్డ్ అనే ఉచిత యాప్ ఉంటే నీ లెక్క అందులో ఎక్కించొచ్చు, శాస్త్రవేత్తలు ఆ లెక్కలు వాడుకుంటారు. ప్రతి జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అని నీటి పక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి జరుగుతోంది. మీ సైన్స్ టీచరుగారికి చెప్పి అటవీశాఖ వాళ్లను అడిగిస్తే స్కూలు మొత్తం వెళ్లొచ్చు. ఒక్కడివే నీళ్ల దగ్గరికి వెళ్లొద్దు, పెద్దవాళ్లు ఎవరైనా తోడు ఉండాలి.

డల్లాస్ నుంచి సంక్రాంతికి వస్తున్నాం. పిల్లలకు పక్షులు చూపించాలని ఉంది. రెండు రోజులే కుదురుతుంది. ఎక్కడికి వెళ్లమంటారు?
— ఇద్దరు పిల్లల తల్లి

మీరు దిగేది చెన్నై అయితే ఆలోచించక్కర్లేదు, నేలపట్టు, పులికాట్. జనవరిలో నేలపట్టులో గూళ్ల నిండా పిల్లలుంటాయి, కాబట్టి మీ పిల్లలకు పక్షి ఎగరడం, తినిపించడం, గూటికి పుల్లలు మోయడం అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండండి. 1976 నుంచి అది అభయారణ్యం, కానీ దాన్ని అంతకుముందు నుంచీ కాచింది చుట్టుపక్కల ఊళ్ల రైతులు. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి ఎరువులా పనిచేస్తాయి అని వాళ్లు చెబుతారు, వీలైతే పిల్లల్ని ఎవరైనా రైతుతో కాసేపు మాట్లాడించండి. సాయంత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీదికి వెళ్తే, ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు వైపులా ఫ్లెమింగోలు కనిపిస్తాయి. నీళ్లు ఎక్కువున్న ఏడాది అవి దూరంగా ఉంటాయి, అప్పుడు బైనాక్యులర్ తప్పనిసరి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరిగే రోజులు కలిస్తే సందడి బాగుంటుంది, కానీ పక్షుల్ని ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజులు తప్పించి వెళ్లండి.

విజయవాడ వైపు దిగితే ఆటపాక వెళ్లండి, పడవ నడుస్తుంటే ఎక్కండి, పడవవాడిని గూళ్లకు దగ్గరగా పోనిమ్మని మాత్రం అడగొద్దు, ఎక్కువ డబ్బు ఇస్తామని అసలే అనొద్దు. బైనాక్యులర్ అక్కడి నుంచే తెచ్చుకోండి, 8x42 సైజు అయితే పిల్లల చేతుల్లో కూడా వణకకుండా ఉంటుంది. ఎరుపు, తెలుపు బట్టలు కాకుండా మట్టిరంగువి వేయండి. తినడానికి తెచ్చుకున్న జంతికలు, బ్రెడ్డు పక్షులకు వేయనివ్వకండి, ఖాళీ కవర్లు మీతోనే కారులో వెనక్కి తీసుకెళ్లండి.